బావగారి బరువు

మా ఆయన్ని విమానం గుమ్మంలోంచి వెనక్కి పంపేసిన రోజున, ఆయన గరిటెలు మాత్రం సింగపూర్ వెళ్ళిపోయాయి.

అప్పటికి బ్యాటరీ విమానాలు వచ్చి ఏడాదో రెండేళ్ళో అయింది. పొగ లేదు, చప్పుడు లేదు అని అందరూ మురిసిపోయారు గానీ వాటికి బరువంటే గిట్టదు. వెడల్పు సీటు కావాలంటే ఇచ్చేవారు, ఒళ్ళు పెద్దదైనా ఫరవాలేదనేవారు, బరువు హద్దు దాటితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. గుమ్మం దగ్గర నేలలో ఒక కాటా బిగించారు. అందరి ఎదురుగా దానిమీద నిలబడాలి. మా ఆయన నిలబడగానే ఎర్రదీపం వెలిగింది. అది చాలదన్నట్టు కూత కూడా పెట్టింది. వరసలో వెనకెవరో కిసుక్కున నవ్వారు. తను ఊరుకుంటే ఆ నవ్వినవాడు నొచ్చుకుంటాడేమోనని మా ఆయన కూడా నవ్వారు.

అదీ గవర్రాజు అంటే. మాది రావులపాలెం. ఆయన వంట మేస్త్రి. ఏ దేశంలో తెలుగువాళ్ళ పెళ్ళి జరిగినా పనసపొట్టు కూరకీ, దప్పళానికీ, బూరెలకీ ఆయన్నే పిలిచేవారు. "వంటోడు సన్నగా ఉంటే ఆ వంట ఎవడు తింటాడే?" అని తన పొట్ట తనే తట్టుకునేవారు. బయటికి అలా అనేవారు గానీ, ఆ కాటా సంగతి తర్వాత పైదేశాల పెళ్ళి ఒక్కటీ ఒప్పుకోలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు.

ఆ రోజు ఆయన్ని సాగనంపడానికి వచ్చిన మా తమ్ముడు త్రిమూర్తులు అద్దం అవతల నిలబడి అదంతా చూశాడు. వాడు హైదరాబాదు శివార్లలో, ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. మా అమ్మానాన్నలు పోయాక మా ఇంట్లోనే ఉండి, మా ఆయన చేతి వంట తిని చదువుకున్నాడు. ఎంత తిన్నా ఒళ్ళు పట్టని గడకర్ర మనిషి.

వీళ్ళిద్దరికీ ఉన్న జబ్బు ఒకటే, మొహమాటం. దానికి మందు లేదు. వాడు పదో తరగతిలో ఉండగా ఒకనాడు బూరెలు వండారు. ఈయన వడ్డిస్తున్నారు, వాడు తింటున్నాడు. వాడు చాలనడు, ఈయన ఆపరు. వాడు లేచి దొడ్లోకి వెళ్ళి, వాంతి చేసుకుని, మూతి కడుక్కుని వచ్చి మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నాడు. "ఇంకో రెండెయ్యమంటావేంట్రా?" అన్నారు ఈయన. "వెయ్యండి బావా" అన్నాడు వాడు. నేను గరిటె లాక్కుని ఇద్దర్నీ తిట్టాను. ఆ పిల్లాడి ఆకలి చూసి వడ్డించానని ఆయన అన్నారు, వద్దంటే బావ మనసు కష్టపెట్టుకుంటారని వాడు అన్నాడు.

ఆ కాటా సంగతి జరిగిన మూడేళ్ళకి త్రిమూర్తులు రెండు బెల్టులు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒకటి మా రుబ్బురోలుకి చుట్టాడు. రెండోది ఒక గుమ్మడికాయకి చుట్టి నవారు మంచం మీద పెట్టాడు. ఏదో మీట నొక్కి, "అక్కా, రోలు ఎత్తు" అన్నాడు. ఇద్దరు మగాళ్ళు కదపలేని రోలు అది. వాణ్ణి తిడుతూనే ఒంగాను. ఒంటిచేత్తో లేచి వచ్చింది. అటు చూస్తే నవారు గుమ్మడికాయ కింద నేలకంటా దిగిపోయింది. చూస్తుండగానే కాయ నడుం దగ్గర పగిలి గింజలు బయటికొచ్చాయి.

"బరువు ఎక్కడికీ పోదక్కా" అన్నాడు వాడు. "పోగొట్టడం ఎవరివల్లా కాదు. ఒకళ్ళది ఇంకొకళ్ళకి ఇవ్వగలం, అంతే. బావగారు విమానంలో ఉన్నంతసేపూ ఆయన బరువు కింద ఎవరో ఒకళ్ళు మోస్తారు. దిగాక ఆయనది ఆయనకి ఇచ్చేస్తాం."

"బాగానే ఉంది. ఆ గుమ్మడికాయ ఎవర్రా?"

వాడు తల గోక్కున్నాడు. "ప్రస్తుతానికి నేనే."

మా ఆయన వల్లకాదన్నారు. "నా బామ్మర్ది మీద కూర్చుని ఊరేగాలా నేను? నలుగురూ నవ్వరూ?" అన్నారు. కానీ వాడు దీనికోసం మూడేళ్ళు కష్టపడ్డాడని తెలిసింది. ఇంక కాదంటే వాడేమనుకుంటాడోనని ఆయన ఒప్పుకున్నారు.

ప్రయోగశాలలో మొదటిసారి బెల్టులు కట్టి చూసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వాడు నీళ్ళ పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఈయన కుర్చీలో కూర్చున్నారు. ఒక్కో బెల్టుకీ రెండేసి దీపాలున్నాయి. ఒకటి వాడి గుండెతో పాటు కొట్టుకుంటుంది, ఇంకొకటి ఈయన గుండెతో. రెండు గుండెలూ కొట్టుకుంటుంటేనే ముడి పడుతుందట, విప్పాలన్నా రెండూ కొట్టుకుంటూ ఉండాలట.

"అయితే బ్రహ్మముడేరా ఇది. మీ అక్కకి సవతివి అయ్యావు" అన్నారు మా ఆయన. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు.

మీట నొక్కారు. ఆయన చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన అలా లేవడం నేను చూడలేదు. రెండడుగులు వేశారు. ఒక్క గెంతు గెంతి, పైకప్పు తగులుతుందని తల పట్టుకుని పెద్దగా నవ్వారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళలోంచే తమ్ముడి వంక చూశాను. వాడి బుగ్గలు రెండూ చెవుల వైపు జారిపోయాయి. గాలి పీల్చడానికి వాడి పక్కటెముకలు ఒక్కొక్కటీ వేరువేరుగా లేవాల్సి వస్తోంది.

"నెప్పిగా ఉందేంట్రా?" అన్నారు ఈయన, నవ్వు ఆపేసి.

"లేదు బావా. దూదిలా ఉన్నారు" అన్నాడు వాడు.

మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. బ్యాంకాక్, దోహా, సింగపూర్. గుమ్మం దగ్గర కాటా ఎక్కితే పచ్చదీపం. ఒకసారి సరదాకి దిగి మళ్ళీ ఎక్కారట. ఈయన గాల్లో ఉన్నంతసేపూ వాడు పరుపు మీద ఉండేవాడు. దిగి ఫోన్ చెయ్యగానే ముడి విప్పేవారు. ప్రయోగశాలకి డబ్బు పెట్టిన విమానాల కంపెనీవాళ్ళు తొందరపడ్డారు. ఎయిర్‌పోర్టు పక్కనే పెద్ద పెద్ద హాళ్ళు కట్టి, సన్నగా బీదగా ఉన్నవాళ్ళని వరసగా పడుకోబెట్టి, లావుపాటి ప్రయాణికుల్ని మోయించాలని వాళ్ళ ఆలోచన. మా వాడు మాత్రం, "ఒక ఏడాది నేనే మోసి చూస్తాను. ఎన్ని గంటలు మోస్తే ఏమవుతుందో తేలాలి. అప్పటిదాకా పరాయివాళ్ళ పిల్లల్ని పడుకోబెట్టను" అని భీష్మించుకున్నాడు. వాడికి గంటలు కావాలన్న మాట మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడాది వాడు గోడలు పట్టుకుని నడవడం చూశాను. అడిగితే, కొత్త చెప్పులు కరుస్తున్నాయన్నాడు. ఈయన ఊళ్ళనించి వచ్చినప్పుడల్లా మొహం ఉబ్బి, కళ్ళు ఎర్రగా ఉండేవి. అడిగితే, ఏసీ పడలేదన్నారు. ఎన్నిసార్లు అడిగినా అవే చెప్పులు, అదే ఏసీ. నేనూ మనిషినే, ఎంతకని అడుగుతాను?

మాఘమాసంలో మస్కట్‌లో పెళ్ళి. మూడు రోజుల వంట. నేను హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో ఉన్నాను. ఈయన దిగగానే ప్రయోగశాలకి ఫోన్ చేశారు. క్యారేజీ తీసుకెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను, ఫోన్ మాటలు నాకూ వినబడుతున్నాయి.

"ఏంట్రా, విప్పేస్తావా? ఉంచమంటావా?" అన్నారు ఈయన.

"మీ ఇష్టం బావా. పెళ్ళయ్యేదాకా ఉంచుకుంటే ఉంచుకోండి."

"నీకేం ఇబ్బంది లేదు కదా?"

"నాకేం ఇబ్బంది బావా! మీకేమైనా..."

"నాకేంట్రా, గాల్లో తేలుతున్నాను. అయితే ఉంచెయ్."

"ఉంచండి బావా, ఉంచండి."

విస్తళ్ళ దగ్గర మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటున్నారని నేను నవ్వుకున్నాను.

మూడో రోజు పొద్దున్న, అక్కడ ముహూర్తం అయి బంతి వేసే వేళకి, నేను వాడికి పెరుగన్నం తినిపిస్తున్నాను. వాడు చెయ్యి ఎత్తలేకపోతున్నాడు. రాత్రి నిద్రపట్టక నీరసంగా ఉందని ఏదో చెప్పాడు. ముద్ద కలుపుతూ వాడి నడుం వంక చూశాను. బెల్టు మీద దీపాలు రెండూ కొట్టుకుంటున్నాయి. వాడిది నెమ్మదిగా, ఆయనది గబగబా. ఆయనది అంత వేగంగా ఎందుకుందని అడగబోయాను. అది ఇంకా వేగంగా కొట్టుకుని, తడబడి, ఆగిపోయింది.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వాడు నా మొహం చూసి, కళ్ళు దించి బెల్టు చూసుకున్నాడు.

"అక్కా" అన్నాడు. "బావగారికి ఫోన్ చెయ్యవే."

ఫోన్ పేర్రాజు ఎత్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆయనతో కలిసి వంట చేస్తున్న మనిషి. వెనకాల సన్నాయి వినబడుతోంది. "పొయ్యి దగ్గరే కూలబడిపోయారండి వదినగారూ. డాక్టరు గుండెల మీద నొక్కుతున్నాడండి" అన్నాడు. కాసేపటికి సన్నాయి ఆగింది. తర్వాత పేర్రాజు ఏడుపు మొదలుపెట్టాడు. "రెండ్రోజుల నుంచీ గుండె దడదడలాడిపోతందన్నారండి. మనిషి తేలికైపోతే నెత్తురంతా తలకాయలోకి ఎక్కేస్తందంట. బెల్టు విప్పించేసుకోండి బాబూ అని కాళ్ళట్టుకున్నానండి. 'బామ్మర్దికి గంటలు కావాలిరా, మధ్యలో విప్పితే వాడి ప్రయోగం చెడిపోద్ది, ఊరుకో' అన్నారండి."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఫోన్ అక్కడ పడేసి తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "నువ్వెందుకు విప్పలేదురా? చెయ్యి కూడా ఎత్తలేని వాడివి, మూడు రోజులు ఎందుకు మోశావు?"

వాడి కళ్ళలోంచి నీళ్ళు పక్కకి కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోలేడు. "మొదటి పూటే ఎముకలు పట్టు తప్పాయక్కా" అన్నాడు. "కానీ ఇన్నేళ్ళకి బావగారు గెంతుతున్నారు. ఇంక చాలు, దిగండి అని ఎలా అనను?"

ఆయనకి అక్కర్లేదు. వీడు మోయలేడు. ఒక్కరు నోరు తెరిచి ఒక్క ముక్క అంటే ఇద్దరూ ఉండేవారు. దేవుడు వీళ్ళకి నోరు ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ముడి గురించి మొదట్లో చెప్పిన మాట అప్పటికి నాకు పూర్తిగా ఎక్కలేదు. తోటి శాస్త్రవేత్తలు చెప్పగా ఎక్కింది. విప్పాలంటే రెండు గుండెలూ కావాలి. ఇంకొకరి మీదకి మార్చాలన్నా రెండూ కావాలి. బెల్టు కోసేసినా ముడి పోదు. ఒక గుండె లేదు గనక మా ఆయన బరువు మా తమ్ముడి మీదే ఉండిపోయింది.

శవాన్ని పెట్టెలో పంపారు. పెట్టెని సామాన్ల కాటా మీద పెడితే చెక్క బరువు తప్ప ఏమీ చూపించలేదట. లోపల మనిషి లేడేమోనని అనుమానపడి ఒక పూటంతా ఆపేశారు. బతికుండగా బరువెక్కువని వెనక్కి పంపినవాళ్ళే, పోయాక తక్కువని ఆపారు. ముందు ప్రయోగశాలకే తెచ్చాం. పక్కపక్కన పడుకోబెట్టి, ఆయన ఛాతీకి కరెంటు పెట్టి కొట్టించి చూశారు. ఆ దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. వాడు తల తిప్పలేక, "బావగారి మొహం ఇటు తిప్పండి, చూస్తాను" అన్నాడు. తిప్పారు. వాడు చాలాసేపు చూశాడు.

రావులపాలెంలో పాడె ఎత్తినప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు. ఆయన ఒళ్ళు తెలిసినవాళ్ళు గనక ఎనిమిదిమంది బలమైనవాళ్ళు వచ్చి, పంచెలు బిగించి, ఊపిరి పట్టి ఒక్కసారి లేపారు. పాడె వాళ్ళ తలల పైకి లేచిపోయింది. ఒకతను వెనక్కి తూలి గోడకి కొట్టుకున్నాడు. "ఇదేంటండీ, వట్టి వెదుళ్ళే ఉన్నట్టున్నాయి!" అని మా పెదమావగారు గుడ్డ తొలగించి చూశారు. ఉన్నారు. కొండలా ఉన్నారు. ఆఖరికి నలుగురే తీసుకెళ్ళారు, భుజం మార్చుకోవాల్సిన పని కూడా పడలేదు.

మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. నేను వెళ్ళాను. గౌతమి గట్టు కింద దింపుడు కళ్ళం దగ్గర పాడె దింపారు. అక్కడ అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలవాలి, ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని. అందరూ ఆచారానికి పిలుస్తారు. పలకరని పిలిచేవాళ్ళకీ తెలుసు. మా మరిది ఒంగబోతుంటే పక్కకి తోసి నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. పెద్దవాళ్ళు ఏదో అన్నారు. నేను వినలేదు.

పెళ్ళయినప్పటినుంచీ ఆయన్ని పేరుపెట్టి పిలిచి ఎరగను. "గవర్రాజూ!" అన్నాను. "లేవండి. ఒక్క నిమిషం లేవండి చాలు. మీ బామ్మర్ది మోయలేకపోతున్నాడు." ఆయన నిజంగా లేవాలని నేను పిలిచాను. లేచి బతకమని కూడా కాదు. గుండె ఒక్క పది సార్లు కొట్టుకుని, వాణ్ణి విడిచిపెట్టి, మళ్ళీ పడుకోమని. మొగుణ్ణి ఇలా పిలవాల్సి వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. రెండోసారి పిలిచాను. మూడోసారి గట్టిగా అరిచాను. గట్టు మీద వెళ్తున్న లారీ ఒకటి ఆగి, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది. "చాలమ్మా, లే" అని మా పెదమావగారు నా భుజం పట్టుకున్నారు.

నిప్పు పెట్టాక ఒక్క ఆశ మిగిలింది. ఒళ్ళు బూడిదైతే బరువు కూడా పోతుందేమోనని. ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అవతల ప్రయోగశాలలో వాడి పరుపు కింద కాటా చూస్తున్నారు. "తగ్గిందా?" అని అడిగేదాన్ని. "లేదమ్మా" అనేవారు. మంట పెద్దదైంది, "లేదమ్మా" అన్నారు. కపాలం పగిలిన చప్పుడైంది, మళ్ళీ అడిగాను. చితి కుంగిపోయి నిప్పులు మిగిలాయి. ఇంక నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

పన్నెండో రోజు అయ్యాక హైదరాబాదు వచ్చేశాను. అప్పటికి కంపెనీవాళ్ళు మొదటి హాలు తెరిచేశారు. వాడు మంచంలోంచే వద్దని మొత్తుకున్నాడు గానీ, బెల్టు మీద హక్కు వాళ్ళదట. మా ఆయనకి ముందునుంచే గుండె జబ్బు ఉందని చెప్పుకున్నారు. ఇకమీదట ప్రయాణికులకి గుండె పరీక్ష చేస్తారట, అంతా క్షేమమట. ప్రయోగశాల కిటికీలోంచి చూస్తే ఆ హాలు గుమ్మం కనబడుతుంది. పొద్దున్నే బక్కపల్చటి మనుషులు వరసలో నిలబడతారు. వాళ్ళకి కూడా కాటా ఉంది. సన్నగా ఉంటే పచ్చదీపం వెలుగుతుంది.

వాడికి పక్కటెముకలు నాలుగు విరిగాయని, మిగతావీ ఆగవని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. నీళ్ళ పరుపు తీసేసి నేలమీద పడుకోబెట్టారు. ఊపిరి కోసం ఒక గొట్టం పెడతారు, మాట్లాడాలంటే తీస్తారు. ఊళ్ళో ఎలా జరిగింది, ఎవరెవరు వచ్చారు, వంట ఎవరు చేశారు అని అడిగాడు. పేర్రాజు చేశాడని చెప్పాను. దప్పళం బావగారు చేసినట్టే కుదిరిందా అని అడిగాడు. కుదరలేదని చెప్పాను. కాస్త నవ్వాడు.

మెత్తగా జావలా చేసిన పెరుగన్నం తెచ్చాను. వేలి కొసంత పెట్టాను. అది గొంతు దిగడానికి వాడి మెడలో నరాలన్నీ లేచాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. అది దిగేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. గిన్నె పక్కన పెట్టేద్దామనుకుని, ఎందుకో మరి, వాడి కళ్ళలోకి చూస్తూ అడిగాను.

"ఇంకొంచెం పెట్టనా?"

వాడు నావంక చూశాడు. నేను పొద్దున్నే లేచి వండానని వాడికి తెలుసు.

"వద్దనరా" అన్నాను. "నీకు దణ్ణం పెడతాను. పుట్టాక ఒక్కసారి, నాకోసం ఒక్కసారి, వద్దని చెప్పరా."

"పెట్టక్కా" అన్నాడు, నోరు తెరిచాడు.